గాలి లేదని తేల్చిన ఊరికి వెళ్లొచ్చాను

ఉద్దానం వెళ్లొచ్చానంటే మా అమలాపురంలో ప్రతివాడూ అడిగిన మొదటి మాట, "జీడిపప్పు తెచ్చావా?" అని. తెచ్చాను. అన్నవరం దాటేలోగా రైల్లోనే అయిపోయింది. రెండో మాట, "అక్కడేముందని వెళ్లావు?" అని. దీనికి జవాబు కాస్త పెద్దది. ఏముందని కాదు, ఏం లేదని వెళ్లాను. అక్కడ గాలి లేదు. ఈ మాట నాది కాదు, హైదరాబాదులో ఒక పెద్ద నిర్మాణ కంపెనీ కంప్యూటరుది. గాలి లేని సముద్రతీరం భూమండలం మీద మరొకటి ఉన్నట్టు నేను వినలేదు. అందుకే పనిగట్టుకుని వెళ్లి చూసొచ్చాను.

నా మాటల్లో మూడొంతులు కోతలని మా వీధిలో ప్రతీతి. ఇందులోనూ కోతలు లేకపోలేదు. కానీ చదువుతూ ఉండగా "ఇది మరీ కోత" అని మీకు అనిపించిన చోట ఒక్క క్షణం ఆగండి. అది నిజం అయ్యుంటుంది. ఆ పని కంపెనీ చేసి ఉంటుంది. అంత పెద్ద కోత కొయ్యడం నా వల్ల కాదు.

నన్ను తీసుకెళ్లినవాడు చిట్టిబాబు, మా ఆవిడ తమ్ముడు. వాడు ఇంజినీరుగా పనిచేసే ఆ కంపెనీ చాలాకాలంగా రోడ్లూ వంతెనలూ కట్టి బతుకుతోంది. అది కట్టిన వంతెనలకు ఒక ప్రత్యేకత ఉంది. ఏరు వాటి కింద నుంచి తప్ప అన్ని వైపుల నుంచీ పోతుంది. ఈ మధ్య, హైవేని నాలుగు వరసలు చేస్తున్న రోజుల్లో, భూమి వేడెక్కిపోతోందని ఆ కంపెనీకి ఉన్నట్టుండి తెలిసింది. అప్పటిదాకా దాని మీద కాగిన తారు పోస్తున్నది తామేనని మాత్రం తట్టలేదు. తెలిసిందే తడవుగా "హరిత విద్యుత్తు" అని ఒక కొత్త శాఖ తెరిచింది. ఉద్దానం తీరాన గాలిమరలు పెడతానంది. అందుకు ముందుగా ఒక ఊళ్లో గాలిని కొలిచే స్తంభం పాతింది. ఏడాది పాటు గాలి బాగా వీచినట్టు లెక్క వస్తే మరలు వస్తాయి. ఆ స్తంభానికి బాధ్యుడు మా చిట్టిబాబు. పర్యవసానం ఏమై ఉంటుందో మా ఆవిడకు తప్ప అందరికీ అప్పుడే తెలిసిపోయింది.

టెక్కలి

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగి కంపెనీ జీపెక్కాను. దారి పొడుగునా హైవే విప్పేసిన మంచంలా ఉంది. నీడనిచ్చే చింతచెట్లన్నీ నరికి మొదళ్లు మాత్రం ఉంచారు. ఆ మొదళ్ల వరసకు ముందు కంపెనీ బోర్డు ఒకటి, ఆకుపచ్చ రంగులో: "పచ్చదనమే మా ప్రాణం". మా వైపు కసాయివాళ్లు కూడా దుకాణం ముందు మేక బొమ్మ వేయించుకుంటారు. కాబట్టి మరీ ఆశ్చర్యపోలేదు.

టెక్కలిలో భోజనం ఇరవై రూపాయలు. ఆవ పెట్టిన పనసకాయ కూర వడ్డించారు. మా కోనసీమలో పనసపొట్టు పెళ్లిళ్లలోనే కనిపిస్తుంది. దాన్ని కొట్టడం ఒక విద్య అని మావాళ్లు మీసం మెలేస్తారు. ఇక్కడ రోజువారీ హోటల్లో ముక్కలు కోసి, నాలుగు పచ్చి జీడిపలుకులు వేసి, బకెట్టుతో తిప్పుతున్నారు. నాలుగోసారి వడ్డించుకుంటుంటే వడ్డించేవాడు ఆగాడు.

"బావూ, తమరే ఊరు?"

"అమలాపురం."

"అక్కడ కరువేటి?"

తిన్నాక చిట్టిబాబు ఊరి చివర ఒక కొండ చూపించాడు. చూపించే నాటికి కొండ సగమే ఉంది. మిగతా సగం కంకరైపోయింది. క్రషరు నుంచి లేచిన తెల్లటి దుమ్ము అవతలి కొబ్బరిచెట్ల మీద పడి, వాటికి అకాలంగా తలలు నెరిశాయి.

"ఈ రాయే బావా, మన గాలిమరల పునాదులకి," అన్నాడు గర్వంగా.

"గాలికి పునాది ఎందుకురా?"

"భలేవాడివే. మర తిరిగినా తిరక్కపోయినా పునాది ఉండాలి కదా. మాకు బిల్లయ్యేది పునాదికే."

తర్వాత వాడే ఇంకో రహస్యం చెప్పాడు. గాలిమర తిరిగితే పొగ రాదట. అలా రాకుండా పోయిన పొగకు విదేశాలవాళ్లు రొక్కం ఇస్తారట. వచ్చిన పొగకు జరిమానా వెయ్యడం విన్నాం గాని, రాని పొగను తూకం వేసి అమ్మడం నేను అప్పుడే విన్నాను. నలభై ఏళ్లు దాటిన దగ్గర్నుంచీ నేను మానేసిన పనులు తలుచుకుంటే నాకు రావలసింది ఎంతుంటుందోనని జీపులో కూర్చుని అదే ఆలోచించాను.

పలాస

పలాస దగ్గరపడుతోందని ముందు ముక్కుకు తెలుస్తుంది. జీడిపిక్కలు వేపే పొగ తియ్యగా మొదలై గొంతులో ఘాటుగా ముగుస్తుంది. కార్ఖానాల్లో ఆడవాళ్లు వరసగా కూర్చుని పిక్కలు కొడుతున్నారు. ఆ తొక్కలోని నూనె తగిలితే చర్మం ఊడొస్తుంది. అందుకని చేతులకు బూడిద రాసుకుంటారు. అయినా వేళ్లన్నీ నల్లబడే ఉన్నాయి. మనం పెళ్లి విందులో పాయసంలోంచి ఏరుకు తినే తెల్లటి పప్పు ఆ నల్లటి చేతుల్లోంచి వస్తుంది.

బజారులో ఒక కొట్లో ధర అడిగాను. గుండు, అంటే విరగని పప్పు, కిలో రెండువందల ఇరవై. నాకు చిట్టిబాబు చెప్పిన పొగ వ్యాపారం గుర్తొచ్చి నాలుక ఆగలేదు.

"ఏమయ్యా, నేను నీ దగ్గర ఒక కిలో కొనడం లేదు. కొననందుకు నాకేమిస్తావు?"

కొట్టువాడు కాటా గిన్నె తుడుస్తూ, తల ఎత్తకుండా అన్నాడు. "అలాగేనండి బావా. తమరు కొనలేదు, నాను అమ్మలేదు. నాను తమరికివ్వాల్సింది, తమరు నాకివ్వాల్సింది సెల్లుకి సెల్లు. సంతోసంగా ఎల్లి రండి."

ఈ వైపు పరాయివాణ్ణి బావా అని పిలవడం మామూలు. మా వైపు అలా పిలిస్తే చుట్టరికమో తగువో తేలేదాకా వదలరు. ఇక్కడ ఆ పిలుపుతో రెండూ తేలిపోతాయి. నేను ఓడిపోయి అరకిలో కొన్నాను. అతను గుప్పెడు బద్దలు రుచికి పెట్టాడు.

లాడ్జిలో చిట్టిబాబు మొహం వేలాడేసుకుని అసలు సంగతి బయటపెట్టాడు. స్తంభం మొదటి నెలల్లో బ్రహ్మాండంగా లెక్కలు ఇచ్చింది. డిసెంబరు నుంచి సున్నా. ఇప్పుడు మార్చి నెలాఖరు, ఇప్పటికీ సున్నాయే. గాలి చచ్చిపోయిందని హైదరాబాదులో తీర్మానించారు. సైటు ఎత్తేయడానికి ఎల్లుండి డైరెక్టరు వస్తున్నాడు.

"నువ్వు ఆ ఊరు వెళ్లి ఎన్నాళ్లయింది?"

"జీపు ఇసకలో దిగబడుతుంది బావా."

"అది జీపు సంగతి. నీ సంగతి అడిగాను."

"వానాకాలంలో వెళ్లాను."

మరి లెక్కలు ఎలా వస్తున్నాయంటే, స్తంభానికి ఒక కాపలాదారుడు ఉన్నాడు, దానియేలు. నెలకోసారి స్తంభానికి బిగించిన పెట్టెలోంచి లెక్కలు ఎక్కిన బిళ్ల తీసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, పలాస వచ్చే ఆటోలో పంపుతాడు. చిట్టిబాబు దాన్ని కొరియర్లో వేస్తాడు. ఇంతే ఇంజినీరింగు. స్తంభం పాతింది ఆ దానియేలు నేలలోనే. దాని కోసం అతను కాపు కాస్తున్న జీడిచెట్లు కొట్టించేశాడు. గాలిమరలు వస్తే కౌలు శాశ్వతం, కాపలా ఉద్యోగం ఖాయం అని చిట్టిబాబే నమ్మబలికాడు. రాకపోతే భూమి తిరిగి ఇచ్చేస్తామన్నాడు.

"మరి ఇప్పుడో?"

"ఇచ్చేస్తాం బావా. ఒక్క సంతకం పెడితే చాలు," అన్నాడు వాడు. జీడిచెట్లు మాత్రం ఎవరిస్తారో చెప్పలేదు.

పూండి దారిలో

జీపు డైరెక్టరు గారి షామియానా మోసుకురావడానికి వెళ్లిపోయింది. మేము పూండి వైపు ఆటో ఎక్కాం. ముగ్గురు పట్టే ఆటోలో తొమ్మండుగురం, ఒక పనసకాయ. పనసకాయను ఒళ్లో పెట్టుకున్న ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"ఎక్కడికెల్తన్నారు బావూ?"

ఊరికే ఉండలేక, గాలి కొనడానికి వచ్చానన్నాను. ఉద్దానం గాలికి అమెరికాలో మంచి గిరాకీ ఉందని, నాణ్యత చూసి బస్తాల్లో ఎత్తించుకుపోతానని చెప్పాను. ఆటో మొత్తం నా వైపు తిరిగింది. నమ్మేశారనుకుని మనసులో మురిసిపోయాను.

ఆవిడ పనసకాయను ఒక తొడ మీద నుంచి ఇంకో తొడ మీదకి మార్చుకుంది. "మా ఇంట్లో ఉన్నాది బావూ సరుకు. మా ఆయన నోట్లో. పొద్దున్న లేసిన కాడ్నించి మాపటేల దాకా ఒకటే ఇసురు. ఎంతకి తీసుకుంతారు?"

"ఓలప్పా, అది పాత సరుకే, తీసుకోరు," అంది పక్కావిడ.

"పాతదే గాని, తగ్గలేదే."

ఆటో నవ్విన నవ్వుకు ఒక చక్రం లేచింది. ఇది కోత. కానీ నేను పూండి వచ్చేదాకా మళ్లీ నోరెత్తలేదు, అది మాత్రం నిజం.

సరుగుడుపేట

ఊరి అసలు పేరు ఇది కాదు. అసలు పేరు రాస్తే కంపెనీ మళ్లీ దారి పట్టుకుని వస్తుందేమోనని మార్చాను. కొబ్బరి, జీడి, పనస ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకున్నట్టు పెరిగిన తోటల మధ్య నుంచి ఇసక దారి. మా కోనసీమ కొబ్బరిచెట్టుకు కాలువ నీళ్లు తాగి ఒళ్లు బరువెక్కింది. ఇక్కడి చెట్టు ఇసకలో వేళ్లూనుకుని, ఏటేటా తుపానుతో కుస్తీపట్టి, పహిల్వానులా ఒక పక్కకు వంగి నిలబడి ఉంటుంది. ఈ మాట మా ఊళ్లో అనకండి.

తోటలు దాటి సరుగుడు వరస దగ్గరకు వచ్చేసరికి గాలి మా ఇద్దరినీ చెంపల మీద కొట్టింది. చొక్కా వీపు మీదకు బుడగలా ఉబ్బింది. చిట్టిబాబు ఏదో అన్నాడు. నోరు కదలడం కనిపించింది గాని మాట ఒరిస్సా వైపు వెళ్లిపోయింది. గాలి లేని ఊరికి చేరుకున్నామని నాకు అర్థమైంది.

ఎదురుగా స్తంభం. కొబ్బరిచెట్లకు రెండింతలు పైన, నాలుగు వైపులా ఇనప తాళ్లతో బిగించి ఉంది. తాళ్ల కింద కాంక్రీటు దిమ్మలు. హైవే మీద ఈ కంపెనీ కట్టిన కల్వర్టు తొలకరికే నెర్రెలిచ్చింది. ఈ దిమ్మలు మాత్రం ప్రళయం వచ్చినా కదలవు. స్తంభం చిట్టచివర గాలిని కొలిచే నాలుగు గిన్నెలు, గరిటెల్లా. ఆ గరిటెల పక్కన మనిషంత నక్షత్రం.

చిట్టిబాబు పైకి చూశాడు. చూసి, అలాగే ఇసకలో కూలబడ్డాడు.

అరవై దాటిన మనిషి ఒకాయన పంచె గాలికి పోకుండా చేత్తో పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. దానియేలు. వెనకాల భార్య సారమ్మ.

"రండి బావూ, రండి. ఇంజినీరు బావు మా ఊరు మర్సిపోనారనుకున్నాం."

"దానియేలూ, ఏంటయ్యా అది?" అన్నాడు చిట్టిబాబు కిందనుంచే.

"ఏటి బావూ?"

"ఆ పైన!"

"అదా. సుక్క. కిస్మస్ సుక్క. ఏటి, మీ ఊరు కిస్టియన్లు కట్టరేటి?"

"చర్చి మీద కట్టుకుంటారు. మా స్తంభం మీద కడతారా?"

దానియేలు ఈ ప్రశ్నకు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మా గుడి ఎత్తెంత బావూ? కొబ్బరాకుల్లో మునిగిపోతాది. ఏటేటా ఎదురుబొంగు మీద బొంగు కట్టి ఎత్తేవోలం, గాలికి ఇరిగిపోయీది. తమరే ఇంత ఎత్తు కట్టించీసి, పైన కప్పీ, తాడు కూడా ఒగ్గీసి ఎల్లినారు. ఎత్తున్న కాడ సుక్క కట్టకపోతే ఊరు నవ్వదేటి?"

నక్షత్రం వెదురుబద్దలతో చేసినది. కాగితం నిలవదని ఎరువుల బస్తా సంచులు కుట్టారు. లోపల చిన్న బల్బు. స్తంభం పెట్టెకు కరెంటు ఇవ్వడానికి కంపెనీ పెట్టిన ఎండ పలక నుంచి గుడి మైకు వాయించే అతను ఒక వైరు లాగాడు. పనితనం చక్కగా ఉంది. ఒక్కటే లోపం. నక్షత్రం కొమ్ము ఒకటి గరిటెల మధ్యలోకి దూరి వాటిని కదలకుండా పట్టుకుంది. కట్టిన రోజు నుంచి ఈ తీరాన గాలి స్తంభించిపోయింది.

"క్రిస్మస్ అయిపోయి మూడు నెలలైంది కదయ్యా! ఇంకా దించలేదేం?"

"నానే దించొద్దన్నాను బావూ," అంటూ వల భుజాన వేసుకున్న మనిషి మధ్యలోకి వచ్చాడు. ఎర్రయ్య, చేపల పడవ ఉన్నవాడు. "మా దేవుడు ఏరు, దానియేలు మావ దేవుడు ఏరు. మాకు సుక్కతో పని లేదు గాని దీపంతో ఉన్నాది. సీకట్లో ఒడ్డేటో తెల్దు. పక్కూరి కాడ తేలి, వలలు మోసుకుని ఇసకలో నడిసొచ్చీవోలం. ఇప్పుడా సుక్కని సూసుకుని సూటిగా వచ్చెత్తన్నాం. కంపినీవోలు ఇచ్చిన కరెంటు ఇంతవరకు అదొక్కటే గదా బావూ, దాన్ని కూడా ఆర్పీమంటారేటి?"

హరిత విద్యుత్తు శాఖ పుట్టిన దగ్గర్నుంచీ వెలిగించిన ఏకైక బల్బు అదే. చిట్టిబాబు మొహం చూస్తే ఆ సంగతి వాడికీ తెలిసినట్టే ఉంది.

సారమ్మ చోడి అంబలి, అదే రాగి అంబలి, కాల్చిన ఎండుచేప పెట్టింది. మా ఇంట్లో పొద్దున్నే కాఫీ లేకపోతే నాలో మనిషి మేలుకోడు. ఆ అంబలి తాగాక ఇద్దరు మేలుకున్నారు. తింటూ ఉండగానే నేను ఉన్న సంగతి దానియేలుకు చెప్పేశాను. చిట్టిబాబు కన్ను కొడుతూనే ఉన్నాడు. కన్నులో ఇసక పడిందనుకున్నట్టు నటించాను.

దానియేలు తినడం ఆపేశాడు. "అంటే నాను సుక్క కట్టిన కాడ్నించి గాలి లేదని రాసీసినాదా మీ పెట్టి?"

"అవును."

"అందుకా మరలు రావట్లేదు?"

"అందుకే."

"నానన్నాను," అంది సారమ్మ. "సెట్లు నరకొద్దన్నాను. కాపు సెట్లని కొట్టీసి గాలికి డబ్బులిత్తారంటే నమ్మినావు. ఇప్పుడు సెట్లూ పోనాయి, గాలీ పోనాది."

చిట్టిబాబు గొంతు తగ్గించాడు. "ఇదిగో, జరిగిందేదో జరిగింది. చుక్క దించేద్దాం. డైరెక్టరు గారి దగ్గర ఎవరూ ఎత్తకండి. నువ్వు ఇన్నాళ్లూ ఎందుకు చూడలేదని నన్ను పట్టుకుంటాడు. రేపు సంతకం పెడితే దానియేలు భూమి దానియేలుకు వచ్చేస్తుంది."

"దించీడం నా పనే బావూ, పొద్దున్నే దించీత్తాను," అన్నాడు దానియేలు. "దాసీడం నా పని కాదు."

నేను మధ్యవర్తిగా నా సేవలు అందించాను. డైరెక్టరుకు ఒక కథ చెబుతానన్నాను. ఈ మూడు నెలలూ గాలి పూరీ జగన్నాథుడి దర్శనానికి వెళ్లి, నిన్ననే తిరిగొచ్చిందని. ఎర్రయ్య పగలబడి నవ్వాడు. దానియేలు కూడా నవ్వాడు గాని తొందరగా ఆపేశాడు.

"తమరి కతలు బాగున్నాయి బావూ. గాని ఇది నా తోట. మరలు వస్తే మంచిదే, రాపోతే నా నేల నాకిచ్చీమనండి. వానలు పడేలోపు పిక్క నాటాల. నాలుగేళ్లకి గాని కాపు రాదు. నా వయసోడికి నాలుగేళ్లంటే ఏటి, ఆట కాదు గదా."

నేను అంబలి గిన్నె కింద పెట్టాను. ఆ తర్వాత అతనికి నేను ఒక్క కోత కూడా కోయలేదు.

డైరెక్టరు గారి మొక్క

మర్నాడు మధ్యాహ్నం, సముద్రపు గాలి మంచి ఊపులో ఉండగా, ఇసక మీద కొబ్బరిమట్టలు పరిపించుకుంటూ రెండు కార్లు వచ్చాయి. డైరెక్టరు తెల్లచొక్కా, చలవకళ్లద్దాలు, టోపీ. సైటు ఎత్తేయడం కోసమే కాదు, మొక్క నాటడానికి కూడా వచ్చాడు. కంపెనీ ఏడాది పుస్తకానికి ఆయన మొక్క నాటుతున్న ఫొటో కావాలట. జీడిచెట్లు నరికించిన నేలలోనే, పలాస నర్సరీ నుంచి తెచ్చిన పూలమొక్క. అంతకు మించి సిగ్గుచేటు నేను కల్పించలేను.

కారు దిగగానే టోపీ సెలవు తీసుకుంది. షామియానా నాలుగు కర్రలతో సహా లేచి సరుగుడు చెట్లెక్కి కూర్చుంది. "హరిత విద్యుత్తుకు పునాది మేమే" అనే బ్యానరు ఊడొచ్చి చిట్టిబాబును నిలువునా చుట్టేసింది. వాణ్ణి విప్పడానికి ఇద్దరు పట్టారు. ఒక కోడిపెట్ట నడక మొదలుపెట్టి ఎగరడంలో ముగించింది. ఫొటో తీసేవాడు "సార్, కళ్లు తెరవండి, కళ్లు తెరవండి" అని మొత్తుకుంటున్నాడు. ఆయన తెరిచినప్పుడల్లా ఇసక దూరుతోంది. మొక్క గుంటలో పెట్టారు, పడుకుంది. మళ్లీ పెట్టారు, మళ్లీ పడుకుంది. చివరికి చిట్టిబాబు బోర్లా పడుకుని దాన్ని కిందనుంచి పట్టుకుంటే ఫొటో అయింది.

పైన, పొద్దున్నే నక్షత్రం దించేసిన గరిటెలు నాలుగూ కనిపించనంత వేగంగా తిరుగుతున్నాయి.

ఆ కింద నిలబడి డైరెక్టరు కౌలు రద్దు కాగితం రెండు చేతులా పట్టుకుని చదివాడు. "ఈ స్థలంలో తగినంత గాలి లేదని ఉభయులం నిర్ధారించుకున్నందున..."

"ఏటి బావూ?" అన్నాడు దానియేలు.

"గాలి లేదని!"

"ఇనపడతం లేదు బావూ."

"గాలి లేదూ!"

"కాసింత గట్టిగా సెప్పండి బావూ, గాలికి ఇనపడతం లేదు."

ఇది వెటకారం కాదు. దానియేలు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, మర్యాదగా ముందుకు వంగి అడిగాడు. నవ్వు ఆపుకోలేక ఎర్రయ్య పడవ చాటుకు వెళ్లిపోయాడు.

అప్పుడు దానియేలు దగ్గరకు వెళ్లి, చేతులు కట్టుకుని, చుక్క సంగతి మొత్తం చెప్పేశాడు. "నానే కట్టినాను బావూ. కొమ్ము తగిలి గరిటెలు ఆగిపోనాయి. తప్పు నాది. గాలి తప్పు లేదు. ఇంకో ఏడాది కొలవండి." చిట్టిబాబు ఇసకలోంచి లేచి, ఒంటికి అంటిన మట్టి కూడా దులుపుకోకుండా, వానాకాలం తర్వాత తాను ఒక్కసారీ వచ్చి చూడలేదని గొణిగాడు. నేను విన్న వాడి మొదటి నిజం అదే. దానికి బహుమానం దొరకలేదు గాని శిక్ష కూడా పడలేదు. డైరెక్టరుకు ఇద్దరి మీదా ఆసక్తి లేదు.

"చూడు పెద్దాయనా," అన్నాడు. "చుక్క కట్టావా, చందమామను కట్టావా, నాకు అనవసరం. రిపోర్టు బోర్డుకు వెళ్లిపోయింది. మేమిప్పుడు పై తీరంలో బొగ్గు కరెంటు ప్లాంటు పనులు తీసుకున్నాం. నలభై గాలిమరలు పెట్టినా ఎన్ని పునాదులు? చిన్నచిన్నవి. ఒక్క బొగ్గు ప్లాంటుకు ఎంత కాంక్రీటు పడుతుందో తెలుసా?"

"మరి భూమి వేడెక్కిపోతోందన్నారు?" అన్నాను నేను. ఉండబట్టలేక.

ఆయన నన్ను మొదటిసారి చూశాడు. "మీరెవరు?"

"గాలి కొనడానికి వచ్చాను."

"కరెంటు ఎలా పుట్టాలో నిర్ణయించేది మేం కాదండీ. మేం పునాదులు వేసేవాళ్లం. దేనికి వెయ్యమంటే దానికి వేస్తాం."

అంత నిజాయితీగా ఆ కంపెనీ బోర్డు మీద ఏ మాటా రాసి ఉండలేదు. పచ్చదనమూ, భూగోళమూ, భావితరాలూ అన్నీ పోగా మిగిలింది కాంక్రీటు. ఎటు ఎక్కువ పడితే ఆ వైపే దేశం ముందుకు పోతోందని అర్థం.

"సంతకం పెట్టు," అన్నాడు దానియేలుతో. "నీ భూమి నీకు వచ్చేస్తుంది. పెట్టకపోతే కౌలు మాదే. రేపు మా బొగ్గు లారీలకు ఇటు రోడ్డు వేస్తారు. అప్పుడు నన్ను అడక్కు."

దానియేలు కాగితం తీసుకుని, సరుగుడు చెట్టుకు ఆనించి, మెల్లగా చదివాడు. ఒక చోట వేలు ఆగింది. కాగితం తిరిగి ఇచ్చేశాడు.

"ఇది పెట్టలేను బావూ."

"ఎందుకు? భూమి వద్దా?"

"నా నేల నాకు కావాల. గాలి లేదని రాసుంది. అది పెట్టలేను."

"ఏదో ఒక కారణం రాయాలి కదయ్యా!"

"మా గుడిలో నాను పెద్దని. అబద్ధ సాచ్చికం పలకొద్దని పదిమందికి సెప్పీవోణ్ణి. అదొక్కటీ కాదు. పెద్ద తుపానుకి మా అయ్య ఏసిన సెట్లన్నీ ఇక్కడే పడుకున్నాయి. ఏ గాలికి పడ్డాయి బావూ? ఈ ఎర్రయ్య తమ్ముడు పడవతో ఎల్లి మరి రాలేదు. ఏ గాలికి పోనాడు? లేదని నాను సంతకం ఎడితే, ఈళ్లందరికీ ఏటి సెప్పాల?"

పడవ చాటు నుంచి వచ్చిన ఎర్రయ్య ఇసక వైపు చూస్తున్నాడు. ఇప్పుడతను నవ్వడం లేదు.

డైరెక్టరు సారమ్మ వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పమ్మా. భూమి పోతుంది."

నిన్నటి నుంచీ మొగుణ్ణి దులిపేస్తున్న మనిషి కదా, సంతకం పెట్టమంటుందని నేనూ అనుకున్నాను. సారమ్మ కొంగు నడుముకు బిగించింది. "నాను సెప్పితే సెట్లప్పుడే ఇనలేదు బావూ. ఇప్పుడింతాడేటి? ఆడు పెట్టడు. తమరే కాయితం మార్సుకోండి. బేగి మార్సండి, తమరి కూరలో ఇసక పడతంది."

నిజమే. షామియానా లేకపోయేసరికి బల్ల మీద పరిచిన రొయ్యల వేపుడు, చేపల పులుసు మీద సన్నటి ఇసక కురుస్తోంది. డైరెక్టరు దానికేసి ఒకసారి, దానియేలుకేసి ఒకసారి చూశాడు. బోర్డు తీర్మానం కదిలించలేని మనసును రొయ్యలు కదిలించాయి.

"చిట్టిబాబూ, ఆ లైను కొట్టేసి ఆయనకేం కావాలో రాసి ఏడువు."

చిట్టిబాబు కారు బానెట్టు మీద కాగితం అదిమిపట్టి, కలం తీశాడు. "ఏం రాయమంటావు దానియేలూ?"

దానియేలు ఆలోచించాడు. "గాలి ఉన్నాది. కంపినీకి అక్కర్లేదు."

"అంతేనా?"

"అంతే బావూ. నిజం రాత్తే పొడుగు అక్కర్లేదు గదా."

చిట్టిబాబు రాశాడు. డైరెక్టరు చదివి, ముక్కుతో ఒక శబ్దం చేసి, సంతకం గీకాడు. దానియేలు మాత్రం ఊరందరికీ వినపడేట్టు గట్టిగా చదవమన్నాడు. గాలికి సగం మాటలు పోయాయి, మళ్లీ చదవమన్నాడు. రెండోసారి అందరికీ వినపడింది. అప్పుడు పంచెకు చెయ్యి తుడుచుకుని, ఒక్కో అక్షరం నాటినట్టు తన పేరు రాశాడు.

స్తంభం తర్వాత లారీ పంపి తీసుకెళ్తామన్నారు. ఇసకలో లారీ రాదని చిట్టిబాబుకు తెలుసు. ఎర్రయ్యకు ఇంకా బాగా తెలుసు. అప్పుడే ఇద్దరు మనుషులతో చుక్కకు కొత్త తాడు కడుతున్నాడు, ఈసారి గరిటెలకు బారెడు కింద.

సారమ్మ కాగితం మడిచి కొంగున ముడేసింది. దానియేలు గునపం తెచ్చి, పడుకున్న పూలమొక్కను ఒక పక్కకు మర్యాదగా జరిపి, జీడిపిక్కకు గుంట కొలుచుకోవడం మొదలుపెట్టాడు. డైరెక్టరు తినకుండానే కారు వైపు నడిచాడు. తలుపు లాగాడు, రాలేదు. డ్రైవరు వచ్చి పట్టాడు. ఇద్దరూ కలిసి లాగితే జానెడు తెరుచుకుని, మళ్లీ ఠపీమని మూసుకుంది.

దానియేలు గునపం మీద చేతులు ఆనించి, తల ఎత్తాడు.

"అటేపు నించి ఎక్కండి బావూ. ఇటేపు గాలి ఉన్నాది. తమరే సంతకం ఎట్టినారు గదా."